తంబుర అంచుకు కొమ్ము పట్టీ

మా అన్న మెడ పూర్తిగా బిగుసుకుపోయాక మా ఇంటి నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చాయి. అప్పటిదాకా, కట్టంగూర్ దగ్గరి మా ఊళ్లో అందరిలాగే, ఆయన తాగింది బోరు నీళ్లే. ఆ నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్ని బిగదీస్తుందని, అది శాపమూ కాదు, చేతబడీ కాదని నేను ఊరూరా వేదికలెక్కి వాదించాను. చాలాచోట్ల గెలిచాను. మా ఇంట్లో ఆ గెలుపు ఎవరికీ పనికిరాలేదు. మూడో దవాఖానలో కూడా మందు లేదన్నాక, తిరుగు బస్సులో వదినె అడిగింది:

"మీ సైన్సు రోగం పేరు చెప్పింది. గంతేనా మరిదీ?"

అంతే.

అన్న ఇంటి పక్కనున్న పని కొట్టంలో తంబురలు చేసేవాడు. హాలియా వైపు భజనవాళ్లు అడిగిన తంబురను నెలల తరబడి చెక్కాడు. ఇక మిగిలింది అంచు ఒక్కటే. తంబుర పొట్ట మీద పలక అతికిన చోట చుట్టూ సన్నని గాడి తీసి, అందులో బర్రె కొమ్ము నుంచి చీల్చిన నల్లని పట్టీ కూర్చాలి. మరిగే నీళ్లలో ముంచితే కొమ్ము మెత్తబడుతుంది. అది చల్లారేలోపు బొటనవేలితో నొక్కుతూ, మణికట్టు తిప్పుతూ చుట్టు పూర్తి చేయాలి. అన్న మణికట్టు తిరగదు.

"గిది నా చేత్తోని కాకుంటే ఇగ కొట్టం బందే" అన్నాడు.

చెయ్యి తిరగకపోతే తంబురనే తిప్పుదామన్నాను. కుండ కింద పెట్టే గుడ్డచుట్ట మీద దాన్ని కూర్చోబెట్టాను. అన్న బొటనవేలు ఒకేచోట ఆనించి ఉంచితే నేను పొట్టను తిప్పసాగాను. పట్టీ బుద్ధిగా గాడిలోకి దిగింది.

"మైకు గుంజినట్టు గుంజకు, జర మెల్లగ" అని, వదినె వైపు చూసి నవ్వాడు. "దేవుడు లేడనేటోడు భజన తంబురకు సేవ జేస్తాండు, సూడే."

"ఊకో. పున్నెమొస్తదని తెలిస్తే ఇడిసిపెట్టి పోతడు" అంది వదినె, పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ.

ముగ్గురం నవ్వాం. ఈ అంచు అన్న చేత్తోనే పూర్తవుతుందని ఒక్క నిమిషం నాకు నిజంగానే నమ్మకం కలిగింది.

మెడకర్ర పొట్టను కలిసేచోట అంచు చురుగ్గా మలుపు తిరుగుతుంది. అక్కడ తల వంచి చూస్తూ నొక్కాలి. అన్న తల వంగలేదు. నడుముతో సహా ఒరిగాడు, అయినా కనబడలేదు. తంబురను ఆయన కళ్లెదుటికి ఎత్తితే వేలి బలం అందలేదు. పట్టీ చల్లారి టప్పున విరిగింది. ఇంకొకటి ముంచాం. అదీ అక్కడే విరిగింది. ఆ మలుపుకు సరిపోయేంత ముక్క ఇంకొక్కటే ఉంది.

"నువ్వే పట్టు తమ్మీ" అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

నేనే నొక్కాను. పట్టీ గాడి దాటి వంకరగా అతుక్కుంది. మధ్యలో గోరు దూరేంత సందు మిగిలింది. నల్లగీత మలుపు దగ్గర తడబడింది. చిన్నప్పుడు నేను రంపం పడితే, వెంట్రుకవాసి తేడాకు నెత్తి మీద మొట్టి మళ్లీ కోయించిన మనిషి ఆయన. తిట్ల కోసం ఎదురుచూశాను. ఆయన వేలితో ఆ సందును తడిమాడు.

"బాగనే ఉన్నది" అన్నాడు.

"ఏం బాగున్నదన్నా? వంకరపోయింది. ఊడదీద్దాం. జడ్చర్ల పోయైనా కొమ్ము తెస్త, మళ్లొకసారి..."

"బాగనే ఉన్నదంటి గద."

వాదించాను. గొంతు పెంచి వాదించాను. నీళ్లింకా మరుగుతూనే ఉన్నాయి.

"పొయ్యి ఆర్పెయ్యే" అన్నాడు వదినెతో.