సాయంత్రానికి వాలే రెప్ప

కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఆవిడ క్లచ్చక్క. ఇరవై ఆరేళ్ళుగా డ్రైవరు పక్కసీట్లో కూర్చుని, "క్లచ్చు నొక్కమ్మా, క్లచ్చు" అని రోజుకు వందసార్లు చెప్పగా చెప్పగా వచ్చిన పేరది. అరవడం ఆవిడకు చేతకాదు. ఎవరైనా నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆపేసుకుని బిక్కచచ్చిపోతే, వెనక హారన్లు మోగించేవాళ్ళ వైపు కిటికీలోంచి తల బయటపెట్టి, "మీరేమైనా స్టీరింగు పట్టుకునే పుట్టారా బాబూ? కాస్త ఆగండి" అనేది. పొట్టివాళ్ళ కోసం రెండు దిండ్లు, చెమట పట్టే చేతుల కోసం ఒక తువ్వాలు వెనకసీట్లో ఎప్పుడూ ఉండేవి.

యాభై మూడో ఏట ఆవిడ ఎడమకంటి రెప్ప వాలడం మొదలైంది.

ముందు కనిపెట్టింది సాయంత్రం ఆరింటికి వచ్చే లెక్కల మాస్టారు. రిటైరయ్యాక కారు మీద మోజు పుట్టిన మనిషి. ఆవిడ తనకు కన్ను కొడుతోందేమోనని హడలిపోయి, రెండు రోజులు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. ఆ రెండు రోజులూ బండి మహా బాగా నడిపారు. మూడోరోజు ఉండబట్టలేక అడిగారు.

"నిద్ర వస్తోందా అమ్మా?"

"మీరు గేరు మార్చే చప్పుడికి నిద్ర కూడానా మాస్టారూ" అందావిడ.

అందేగానీ, ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుంది. నిజమే. ఒక కన్ను చక్కగా తెరుచుకుని ఉంది, రెండోది సగం మూసిన తలుపులా ఉంది. భర్త దర్జీ. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి పరీక్షగా చూసి, "నిద్ర చాలట్లేదు, అంతే" అని తేల్చేశాడు. వారంపాటు మధ్యాహ్నం పూట పడుకోబెట్టి, కంటిమీద తడిగుడ్డ వేశాడు. రెప్ప మాత్రం మాట వినలేదు. దాని కిందనుంచి చూడడానికి ఆవిడ గడ్డం పైకెత్తి నడవసాగింది. ఈమధ్య పొగరెక్కిందని పక్కింటావిడ నొచ్చుకుంది కూడా.

ఆదివారం నాడు, పరీక్షకు వెళ్ళబోయేవాళ్ళందరినీ ఊరి చివర ఖాళీ స్థలంలో కలిపి సాధన చేయించడం ఆవిడ అలవాటు. అక్కడ మాస్టారు కన్ను సంగతి ఎత్తితే, రొట్టెల దుకాణం ఆవిడ ఒప్పుకోలేదు.

"రోజూ పొద్దున్న ఆరింటికి నేను చూడట్లేదా? రెండు కళ్ళూ సమానంగానే ఉంటాయి."

"నేను రోజూ సాయంత్రం ఆరింటికి చూస్తున్నానమ్మా. సగం మూసుకుపోతోంది."

కాసేపు మాటా మాటా అనుకున్నారు. అంతలో మాస్టారు టక్కున ఆగి, "ఇద్దరం నిజమే చెబుతున్నామేమో" అన్నారు.

ఆ మర్నాటినుంచి ఐదు రోజులు, ఆయన చెప్పినట్టే, ఒకే గోడ ముందు నిలబెట్టి పాఠానికి వచ్చినవాళ్ళు పూటపూటా ఆవిడ మొహం ఆవిడ ఫోనులోనే ఫొటో తీశారు. పొద్దున రెప్పలు సమానం. మధ్యాహ్నానికి ఎడమది వెంట్రుకవాసి కిందికి. సాయంత్రానికి కనుపాప సగం కనపడదు.

ఐదోరోజు సాయంత్రం పాఠం మధ్యలో, రోడ్డు మీది తెల్లగీత ఆవిడకు రెండు గీతలైంది. ఒక కన్ను మూసుకుంటే ఒకటి. తెరిస్తే మళ్ళీ రెండు.

"పక్కకి తీసి ఆపండి మాస్టారూ" అంది మెల్లగా. "తాళాలివ్వండి. ఇవాళ మనిద్దరం నడిచే వెళ్దాం."

మర్నాడు కత్తిరింపు సగంలో వదిలేసి, సుద్దముక్క జేబులోనే ఉండగా దర్జీ ఆవిడను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ రెప్పల వైద్యం ప్రత్యేకంగా చదివిన డాక్టరమ్మ ఉంది. వివరంగా అడిగింది. ఒక్కసారిగా వాలిందా, తలనొప్పి ఉందా, దెబ్బ తగిలిందా, కంట్లో లెన్సులు పెట్టుకునేవారా, నమలడం, మింగడం కష్టంగా ఉందా. కనుపాపలు రెండూ ఒకే సైజులో ఉన్నాయో లేదో లైటు వేసి చూసింది. ఫోనులోని ఐదురోజుల ఫొటోలు చూసి, అంతకుముందువి కావాలంటే, ఆవిడ సంచీలోంచి తన పాత లైసెన్సులు మూడూ తీసి పరిచింది. మూడింటిలోనూ కళ్ళు సమానమే.

"పుట్టుకతో వచ్చింది కాదన్నమాట" అంది డాక్టరమ్మ.

"వయసు వల్ల జారిందేమోనమ్మా. ఓ కుట్టు వేసి పైకి లాగితే సరిపోదా?" అన్నాడు దర్జీ.

డాక్టరమ్మ నవ్వింది. "గుడ్డ ఎందుకు జారిందో తెలియకుండా మీరైతే కుట్టు వేస్తారా? వయసుతో రెప్పను ఎత్తే కండ చివరి పట్టీ సాగిపోవచ్చు. నరం దెబ్బతినొచ్చు. ఒక్కోసారి అసలు రెప్ప వాలదు, థైరాయిడ్ వల్ల రెండో కన్ను మరీ విప్పారి, ఇది వాలినట్టు కనిపిస్తుంది. మీరు పైకప్పు వైపే చూస్తూ ఉండండమ్మా."

నిమిషం గడిచేసరికి రెప్ప అలిసిపోయినట్టు మెల్లమెల్లగా దిగిపోయింది. తర్వాత ఐసుముక్కలున్న చిన్న సంచీని రెండు నిమిషాలు కంటిమీద ఆనించి తీసింది. రెప్ప లేచింది. దర్జీ నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు.

"నరంనుంచి కండకు అందాల్సిన కబురు సరిగ్గా అందట్లేదని నా అనుమానం. వాడేకొద్దీ అలిసిపోతుంది, విశ్రాంతిస్తే తేరుకుంటుంది. రక్తపరీక్ష, ఛాతీ స్కాను రాస్తాను. నరాల డాక్టరు చూసి ఖాయం చెయ్యాలి. ఈలోగా మింగడమో ఊపిరో కష్టమైతే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి రండి."

"మరి బండి?" అందావిడ.

"రెండుగా కనిపించినన్నాళ్ళూ వద్దమ్మా."

వరండాలో బెంచీమీద కూలబడిందావిడ. దర్జీ నీళ్ళసీసా మూత తీసి అందించాడు.

నరాల డాక్టరు ఆ అనుమానమే నిజమన్నాడు. మాత్రలు మొదలయ్యాయి. నాలుగు నెలలు బండి షెడ్డులోనే ఉంది గానీ ఆవిడ ఖాళీగా లేదు. భర్త కత్తిరింపు బల్లమీద సుద్దతో రోడ్లు గీసి, గుండీలను కార్లుగా నడిపిస్తూ నియమాలు నేర్పింది. పెద్ద కోటుగుండీ లారీ. రొట్టెల దుకాణం ఆవిడ రోజూ వచ్చి, లారీకి దారివ్వనని పేచీ పెట్టేది. మాస్టారు రెండో ప్రయత్నంలో లైసెన్సు తెచ్చుకున్నారు.

చూపు కుదుటపడ్డాక డాక్టర్లు సరేనన్నారు, అదీ పొద్దుటిపూట మాత్రమే. ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజే ఆవిడ చెప్పేస్తుంది: "నా ఈ కన్ను కాస్త వాలినట్టనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి. పాఠం ఆపేద్దాం."

ఇన్నేళ్ళలో స్టీరింగు ముట్టని దర్జీ, ఆసుపత్రికి తీసుకెళ్ళే మనిషి కావాలిగా అంటూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాడు. లైసెన్సు వచ్చాక మొదటిసారి తనే నడిపి ఆవిడను చూపించడానికి తీసుకెళ్ళాడు. సైకిళ్ళవాళ్ళు కూడా దాటుకుని పోయారు. ముప్పావుగంట ఆలస్యమైంది.

"ఇంతసేపయిందేం?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆయన తల దించుకున్నాడు.

"దారంతా ట్రాఫిక్కమ్మా" అంది క్లచ్చక్క.