రవికెల గుడ్డ కింద చెక్క

ఇన్నేళ్ళూ దీన్ని ఎక్కడ పెట్టుకుని తిరిగానో నాకే ఆశ్చర్యం. పొద్దున్నే టీ తాగేటప్పుడూ ఉంది. పెళ్ళిళ్ళలో వడ్డన చేస్తున్నప్పుడూ ఉంది. మా అక్క పెట్టిన అన్నం తింటున్నప్పుడైతే సరిగ్గా గొంతులోనే ఉంది. నిన్న దించేశాను. ఎవరి ముందు దించాలో వాళ్ళ ముందే దించాను. అయినా మీకూ చెప్పాలనిపిస్తోంది. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అదే నయం. తెరిచిన నోరు మళ్ళీ మూతపడిపోతుందేమోనని నా భయం.

మాది నరసాపురం వైపు, గోదారి మధ్యలో ఒక లంక. బడికి వెళ్ళాలన్నా, ఆస్పత్రికి వెళ్ళాలన్నా, చేపలు అమ్ముకోవాలన్నా ఏరు దాటాల్సిందే. మా అక్క మొగుడు, అంటే మా బావ, రేవులో పడవ నడిపేవాడు. వాళ్ళ నాన్నదీ అదే పని, తాతదీ అదే పని. బావ ఉంటే ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ ఎక్కేవారు. వేరేవాడు తెడ్డు పట్టుకుంటే, "ఆయనొచ్చాక వెళదాంలే" అని గట్టు మీదే కూర్చునేవారు. అది చూస్తే నాకు కాస్త కుళ్ళుగా ఉండేది. అదీ ఇక్కడే చెప్పేస్తున్నాను. చెప్పడం మొదలుపెట్టాక ఇంకా దాపరికమేంటి?

నేను చేలకి నీళ్ళు తోడే ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాణ్ణి. ఇంజను అన్న మాట వినబడితే చాలు, ఊరు నా వైపు చూసేది. తొంభైల్లో పెద్ద తుఫాను వచ్చి వెళ్ళాక ఎవరో దాతలు మా లంకకి ఒక రబ్బరు పడవ ఇచ్చారు. గాలి కొట్టుకునే పడవ. వెనక ఇంజను తగిలించుకోవడానికి ఒక అడ్డచెక్క ఉంది, ఇంజనే లేదు. వరద రోజుల్లో తెడ్డుతో దాటలేక అవస్థ పడుతున్నాం కదా అని ఊరంతా చందాలు వేసుకుంది. ఎంచుకురావడానికి నన్ను పంపారు. నా మొహం! పడవ ఇంజను అప్పటిదాకా విప్పి చూసిన పాపాన పోలేదు. అయినా కాలరెగరేసుకుని కాకినాడ బస్సెక్కాను.

కొట్టాయన మర్యాదస్తుడు. ఎంతమంది ఎక్కుతారు, ఎంత బరువుంటుంది అనడిగాడు. దానికి సరిగ్గానే చెప్పాను. తర్వాత, "పడవ వెనక చెక్క ఎత్తెంతండి?" అన్నాడు. ఇంజను నుంచి నీళ్ళలోకి దిగే కాడ పొట్టిదీ ఉంటుందట, పొడుగుదీ ఉంటుందట. చెక్క ఎత్తుని బట్టి తీసుకోవాలట. నేను కొలవలేదు. కొలవలేదండీ అంటే పోయేదేముంది? తిరిగి వెళ్ళి, కొలిచి, మళ్ళీ వచ్చేవాణ్ణి. కానీ అంత దూరం మెకానిక్కునని చెప్పుకుంటూ వచ్చినవాడికి ఆ మాట ఎలా వస్తుంది? మా రేవులో చెక్క పడవలకి వెనక భాగం ఎత్తుగా ఉంటుంది. అదే కళ్ళ ముందు మెదిలింది. "పొడుగుదే ఇవ్వండి" అనేశాను.

ఇంటికి తెచ్చి తగిలించి చూస్తే ఇంకేముంది! రబ్బరు పడవ చెక్క పొట్టిది. కాడ చివర ఉండే పంకా పడవ కడుపు కన్నా బాగా కిందికి వేలాడుతోంది. మా ఏటి నిండా ఇసక మేటలు. వాటికి తగిలితే పంకా ముక్కలైపోతుంది. వెనక్కిచ్చేస్తే ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకని అడ్డచెక్క మీద ఇంకో చెక్క ఎక్కించి, ఇంజనుని దాని మీద బిగించాను. ఎత్తు కుదిరింది. ఆ రెండు చెక్కలకీ కలిపి బెజ్జాలు వేసి బోల్టులు దించాలి. తెల్లారితే ముహూర్తం, లంకలో కరెంటు లేదు, డ్రిల్లింగు మిషను పట్నంలో ఉంది. అందుకని మేకులు కొట్టాను. బోల్టులు రేపు వేద్దాంలే అనుకున్నాను.

మా వైపు నీళ్ళ మీదికి కొత్తది ఏది దిగినా గోదారమ్మకి పసుపు కుంకుమ ఇచ్చి, పడవకి రవికెల గుడ్డ కడతారు. అక్క తలంటుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమ, పూలు, ఎర్ర రవికెల గుడ్డ పట్టుకుని రేవుకి వచ్చింది. ఎక్కడ కట్టమంటావురా అని నన్నే అడిగింది. ఎప్పుడూ పడవ ముందు ముక్కుకే కడతారు. నేను వెనక చెక్క చూపించాను. ఇంజనే కదా కొత్తది, దానికే కట్టు అన్నాను. పిచ్చిది, భక్తిగా రెండు చుట్లు చుట్టి కట్టింది. నా మేకులు కనబడకుండా పోయాయి.

కొన్నాళ్ళకి బావ ఇంజను పక్కన కూర్చుని నన్ను పిలిచాడు.

"ఏరా, ఈ గుడ్డ కింద ఏదో కదులుతున్నట్టుంది. ఏంటది?"

"ఏం లేదు బావా. కొత్తింజను కదా, కాస్త అదురుతుంది."

"ఓసారి విప్పి చూద్దామా?"

"గోదారమ్మకి కట్టింది విప్పుతావా? అక్క చూస్తే ఊరుకుంటుందా?"

ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. "నిజమేలే. అయినా నువ్వు బిగించావు కదా, ఇంక నాకు భయమేంటి" అన్నాడు.

ఆ మాట ఎన్నిసార్లు తలుచుకున్నానో మీకు చెప్పలేను. ఆ తర్వాతైనా బోల్టులు వేయొచ్చు కదా? వేయాలంటే అందరి ముందూ గుడ్డ విప్పాలి, విప్పితే చెక్క బయటపడుతుంది, ఎందుకు పెట్టావంటే కాకినాడలో నేను వాగింది చెప్పాలి. రోజూ రేపే అనుకున్నాను. ఇంజను బాగానే నడుస్తోంది, జనం నన్ను మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పు నాకు బాగుంది.

శ్రావణంలో ఏటికి వరద ఎర్రనీరు వచ్చింది. పట్టపగలు, పడవ నిండా మనుషులు. పైనుంచి ఒక మొద్దు కొట్టుకొస్తుంటే బావ తప్పించడానికి హ్యాండిలు ఒక్కసారిగా తిప్పాడు. మేకులు ఊడిపోయాయి. ఇంజను, నా చెక్క, అక్క కట్టిన గుడ్డ అన్నీ కలిసి నీళ్ళలో పడ్డాయి. పడవ వాలుకి కొట్టుకుపోయింది. నేను గట్టు మీద నించుని చూస్తున్నాను. ఆడవాళ్ళ ఏడుపులు వినబడుతున్నాయి. బావ తాడు పట్టుకుని దూకి, కింది లంక రెల్లుపొదల దాకా ఈది, పడవని ఆపాడు. ఒక్క ప్రాణమూ పోలేదు. గోదారమ్మ దయ. ఇది తలుచుకుని ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఊరు ఊరుకుంటుందా? మోటారు చేతికొచ్చేసరికి బావకి ఒళ్ళు తెలీలేదన్నారు. పెద్దమనుషుల ముందు బావే ఒప్పేసుకున్నాడు, నేనే ఎక్కువ తిప్పేశానండీ అని. నేను ఆయన పక్కనే ఉన్నాను. భుజం తగులుతోంది. అయినా నోరు పెగల్లేదు. ఇంజను కోసం మనుషుల్ని దింపి వెతికించారు. దొరకలేదని తెలిసి నాకు హాయిగా అనిపించింది. పొడుగుది కొనడం పొరపాటు, మేకులు కొట్టడం బద్ధకం. ఆ హాయి మాత్రం పాపం. ఇందులో నాకు సందేహం లేదు.

ఆ తర్వాత జనం బావ పడవ ఎక్కడం మానేశారు. ఆయన తెడ్డు చూరులో దోపేసి, అక్కని తీసుకుని మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులకి కాపలాకి వెళ్ళిపోయాడు. ఏటి మనిషి. చెరువు గట్టున కూర్చుని, నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసే పని. లంకకి వచ్చినప్పుడు అందరిలాగే పడవ మధ్యలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. అక్కది ఇంకో బాధ. ఆ గుడ్డ నా చేత్తో కట్టాను, గోదారి తల్లికి ఏం లోపం చేశానో అని ఏ పూజకీ ముందుకొచ్చేది కాదు. ఆ మాటంటూనే నాకు అన్నం వడ్డించేది. నేను తినేవాణ్ణి.

మొన్న లంకకి మళ్ళీ ఒక రబ్బరు పడవ వచ్చింది. ఇంజను బిగించడానికి మళ్ళీ నన్నే పిలిచారు. ఈసారి టేపు పెట్టి కొలిచి, పొట్టి కాడదే తెప్పించి, మరలు బిగించి, ఊడినా నీళ్ళలో పడకుండా గొలుసు కూడా వేశాను. అందరూ మెచ్చుకున్నారు. ఎవడో, "మీ బావలాంటోడి చేతికి మాత్రం ఇవ్వకండర్రా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను! అలవాటుగా నవ్వేశాను. నా నవ్వు నాకే వినబడింది. బావకి సెల్లులో చెప్పేద్దామా అనుకున్నాను. ఛీ, అదీ ఒక చెప్పడమేనా? నిన్న పొద్దున్నే మొగల్తూరు బస్సెక్కాను.

బావ రొయ్యలకి మేత చల్లుతున్నాడు. గట్టు మీదే నించుని అంతా చెప్పాను. కాకినాడ, చెక్క, మేకులు, గుడ్డ, ఏదీ వదల్లేదు. మధ్యలో ఏడ్చాను కూడా. ఆయన మేత చల్లడం ఆపలేదు. గిన్నె ఖాళీ అయ్యాక, నా వైపు తిరక్కుండానే అడిగాడు.

"అయితే ఆవేళ నేను తిప్పింది సరైనదేనా?"

"సరైనదే బావా. ఎవడైనా అలాగే తిప్పాలి."

ఆయన ఖాళీ గిన్నె చెరువు నీళ్ళలో ముంచి కడిగాడు. మీ అక్కకి నువ్వే చెప్పు అని, గట్టు మీద అవతలికి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. క్షమించానని అనలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండునని అనుకునే హక్కు నాకెక్కడిది? ఇంటికెళితే అక్క చేపలు తోముతోంది, ఆమెకీ అంతా చెప్పాను. విన్నది. చేతులు కడుక్కుని లోపలికెళ్ళి తలుపేసుకుంది. అక్క ఇంటికి వెళ్ళి అన్నం తినకుండా రావడం అదే మొదటిసారి.

నరసాపురం బస్టాండులో దిగేసరికి ఆకలేసింది. మామూలు ఆకలి. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బండి దగ్గర నించుని వేడి ఇడ్లీలు తిన్నాను. గొంతులో ఏదీ అడ్డం పడలేదు.

మీకూ చెప్పేశాను. ఇప్పుడు రేవుకి వెళుతున్నాను. సాయంత్రం పడవకి ఊరంతా వస్తుంది. మొన్న నవ్వినవాళ్ళు కూడా వస్తారు. మా బావ చేతిలో ఏ తప్పూ లేదని వాళ్ళకి చెప్పాలి.