ఆకుపచ్చ జంటకి నీలం పిల్ల

గున్నమ్మ ఇంట్లో నీలం పిల్ల పుట్టిందన్న కబురు సెక్టర్ 6లో ఆ వీధంతా తిరగడానికి ఒక పూట కూడా పట్టలేదు. పుట్టింది అందరూ లవ్ బర్డ్ అని పిలిచే బడ్జీ పిట్ట పిల్ల. తల్లీ తండ్రీ ఇద్దరూ చిలకంత ఆకుపచ్చ. మిగతా నాలుగు పిల్లలూ ఆకుపచ్చే. ఈ ఒక్కదానికి మాత్రం ఈకలు మొలిచే వేళకి ఒళ్ళంతా ఆకాశం రంగు తిరిగింది.

గున్నమ్మది పలాస దగ్గర పల్లె. పెళ్ళయి భిలాయి వచ్చిన కొత్తలో క్యాంప్ 2లో ఒంటిగది కాపురం. భర్త చినబాబుకి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటర్‌గా పర్మనెంట్ అయ్యాక సెక్టర్ 6లో కంపెనీ క్వార్టర్ వచ్చింది. ఆమె కాంట్రాక్టరు కింద ప్లాంటు క్యాంటీన్‌లో వంట చేస్తుంది. వందల మందికి పప్పు వండి ఇంటికొచ్చినా ఇంకా ఎవరికో ఒకరికి తిండి పెట్టాలని చేతులు దురదపెట్టే మనిషి. కూతురు సుచిత్ర నెహ్రూ నగర్‌లోని ఒక స్కూల్లో బయాలజీ టీచరుగా చేరాక, ఆ దురద తీర్చుకోవడానికి క్యాంప్ 2లో డాబా మీద పిట్టలు పెంచే మనోజ్‌కుమార్ దగ్గర ఒక జత తెచ్చుకుంది.

నీలం పిల్లని చూసి చినబాబు పగలబడి నవ్వాడు.

“ఒలే గున్నా, నీ పిట్ట ఎక్కడికో ఎల్లొచ్చినాదే!”

పక్క క్వార్టర్ రజనీకుమారి కూడా గోడ మీంచి తొంగిచూసి, “హాఁ దీదీ, కుఛ్ తో గడ్‌బడ్ హై” అని, ఏదో తేడా ఉందన్నట్టు కళ్ళెగరేసింది.

“పంజరానికి కొక్కెం ఏసుంటే ఎలగెల్తాది? ఏటా మాటలు?” అని గున్నమ్మ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. చినబాబుకి ఆశ్చర్యమేసింది. జోకు వేస్తే రెండు జోకులు తిరిగి వేసే మనిషి ఆమె.

సంగతి వేరే ఉంది. సుచిత్ర పిల్లికళ్ళతో పుట్టింది. బూడిదలో కొంచెం ఆకుపచ్చ కలిపినట్టుండే కళ్ళు. ఇంట్లో అందరివీ నల్లటివే. బారసాలనాడు ఎవరో, “ఈ కళ్ళు ఎక్కడివమ్మా?” అని నవ్వారు. అత్త గౌరీదేవి కోడల్ని ఏనాడూ ఒక్క మాట అనలేదు గానీ, ఆ ప్రశ్నకి జవాబూ చెప్పలేదు. ఆ నవ్వు గున్నమ్మకి ఇన్నేళ్ళూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆదివారం వంటింట్లో గున్నమ్మ కూర కలుపుతుంటే సుచిత్ర గట్టెక్కి కూర్చుంది.

“మమ్మీ, ఆకుపచ్చ పిట్ట ఈకలో ఆకుపచ్చ రంగనేది అసలు లేదు, తెలుసా? ఈక కట్టుబడి వల్ల వెలుతురు పడితే నీలంగా కనిపిస్తుంది. దాని మీద పసుపు రంగు కూడా ఉంటే రెండూ కలిసి ఆకుపచ్చ. మరి ఆ పసుపు తయారు కాకపోతే?”

“ఉత్త నీలం మిగుల్తాది.”

“సహీ!”

“మరి పసుపెందుకు తయారవలేదు?”

“ఒంట్లో కణకణానికీ డీఎన్‌ఏ అని పొడుగాటి దారం ఉంటుంది. దాని మీద నాలుగే నాలుగు అక్షరాలతో, ఏది ఎలా చెయ్యాలో రాసి ఉంటుంది. వంట చెప్పినట్టు. ఒక్కో వంటకి ఒక్కో జీన్. పసుపు చేసే జీన్‌లో ఒక్క అక్షరం మారిపోయింది, అంతే.”

“ఒక్క అక్షరానికే?”

“‘ఉప్పు వెయ్యి’ అనేది ‘నిప్పు వెయ్యి’ అని రాసుంటే నువ్వేం చేస్తావు?”

గున్నమ్మ నవ్వింది. వెంటనే మళ్ళీ నొసలు ముడిచింది. “ఉండెహె. తల్లికీ తండ్రికీ పసుపు బాగానే తయారైనాది కదా?”

“ప్రతి జీనూ రెండు కాపీలుంటాయి మమ్మీ. ఒకటి అమ్మ దగ్గర్నుంచి, ఒకటి నాన్న దగ్గర్నుంచి.”

గరిటె ఆగిపోయింది. గున్నమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

“అంటే ఇద్దరు వంటోళ్ళన్నమాట! ఒకడు పసుపెయ్యడం మర్చిపోయినా రెండోడేస్తాడు. కూర పచ్చగానే ఉంటాది. ఎవులికీ తెల్దు!”

“అరే వా! అదే. నీ పిట్టలు రెండింటిలోనూ ఒక్కో మతిమరుపు వంటవాడు దాక్కున్నాడు. పిల్లకి ఇద్దరిలో ఒకడే వెళ్తాడు. ఎవడు వెళ్తాడో బొమ్మా బొరుసే. అటు నుంచీ ఇటు నుంచీ మతిమరుపువాళ్ళే వెళ్ళారనుకో—”

“పసుపేసే నాథుడే లేడు!” గరిటెతోనే గుమ్మంలోకి పరుగెత్తింది గున్నమ్మ. “ఏటయ్యో, ఇన్నావా! నా పిట్ట ఎక్కడికీ ఎల్లలేదు. ఆ తప్పులో నీ మగపిట్టదీ సగముంది!”

“తప్పు కాదు మమ్మీ, వాటా,” అంది సుచిత్ర.

వసారాలో బియ్యం ఏరుతున్న గౌరీదేవి ఇదంతా విని చేట పక్కన పెట్టింది.

“అమ్మలూ, అలగైతే మనుషులకీ అంతేనా? దాక్కుని దాక్కుని ఎప్పుడో బైటికొస్తాదా?”

“వస్తుంది మామ్మా.”

“మా అయ్యకి నీ కళ్ళే. ఊళ్ళో అందరూ పిల్లికళ్ళ జగ్గయ్య అనీవారు. నాకు రానేదు, మా అన్నదమ్ములకీ రానేదు. ఇంక ఆ కళ్ళు ఆడితోనే పోయినాయి అనుకున్నాను. నీ కళ్ళు చూసినప్పుడల్లా మా అయ్య గుర్తొచ్చీవాడు గానీ, మధ్యలో ఇంతమందిని దాటి ఎలగొస్తాయిలే అని నోరెత్తనేదు.”



“కళ్ళ రంగు పిట్టల రంగంత సులువు కాదు మామ్మా,” అంది సుచిత్ర. “దానికి చాలా జీన్లు కలవాలి. కానీ ఒక తరంలో కనబడకుండా తర్వాత తరంలో రావడం నిజమే. మమ్మీ వైపు నుంచి కూడా ఏదో వచ్చే ఉంటుంది.”

“మా వోళ్ళలో ఎవులో కనుక్కుంటాను,” అని గున్నమ్మ అత్త పక్కనే చతికిలబడింది. “అత్తా, మీ అయ్య ఎలగుండీవాడో చెప్పు.” ఆ పూట కూర మాడింది. పిల్లికళ్ళ జగ్గయ్య కబుర్లు వింటూ అందరూ అదే తిన్నారు.

ఆ తర్వాత గున్నమ్మకి పిట్టల పిచ్చి ముదిరింది. నీలం పిట్ట పెద్దదై, ముక్కు మీది చర్మం గోధుమరంగుకి తిరిగింది. అంటే ఆడది. దానికి తండ్రినే జత చేస్తే ఏమవుతుందో చూద్దామని సుచిత్ర అంటే గున్నమ్మ చెవులు మూసుకుంది. “కూతురికీ తండ్రికీనా? ఛీ, నా ఇంట్లో జరగదు!” తిన్నగా మనోజ్‌కుమార్ డాబా ఎక్కింది.

“బాబూ మనోజూ, నీ దగ్గర నీలం తండ్రికి పుట్టిన ఆకుపచ్చ మగపిట్ట ఉందా?”

“ఉంది పిన్నీ. కానీ నీలం కావాలంటే నీలందే తీస్కో, ఆకుపచ్చది ఎందుకు?”

“దీని తండ్రి దగ్గర ఇద్దరూ మతిమరుపు వంటోళ్ళే కదా. అందులో ఒకడు దీని లోపల ఉండి తీరాల. నా నీలందానికి జత కడితే సగం పిల్లలు నీలమవ్వాల. నిజమో కాదో చూస్తాను.”

మనోజ్‌కుమార్‌కి ఒక్క ముక్కా అర్థం కాలేదు. పిట్టనిచ్చాడు.

మొదటి విడత నాలుగు పిల్లలు. నాలుగూ ఆకుపచ్చే. గున్నమ్మ కూతురి మీద విరుచుకుపడింది. “సగమన్నావు! ఏదీ సగం?”

“మమ్మీ, నాణెం నాలుగుసార్లు ఎగరేస్తే ఒక్కోసారి నాలుగూ బొమ్మలే పడతాయి. ప్రతి గుడ్డుకీ నాణెం మళ్ళీ కొత్తగా ఎగురుతుంది. దానికి వెనకటి గుడ్డు సంగతి తెలీదు. థోడా సబర్ కరో.”

గున్నమ్మకి ఓపిక తక్కువ. రెండో విడత పిల్లలు ఈకల్లేకుండా ఎర్రగా ఉన్నప్పటి నుంచే గూటి మూత తీసి చూసేది. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ మామూలుగా మూత తీసింది. ఒకదాని రెక్క మీద సన్నగా, సూదిమొనంత నీలం. పక్కదానికీ. దాని పక్కదానికీ! ఐదింట్లో మూడు! ఆమె వేసిన కేకకి ఏమైందోనని రజనీకుమారి చేతిలో చపాతీ కర్రతో పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక ఇద్దరూ కలిసి ఎగిరారు. ఆ రోజు గున్నమ్మ క్యాంటీన్‌లో అందరికీ జిలేబీ పంచింది. ఎందుకని అడిగినవాళ్ళకి, “మనవలు పుట్టినారు,” అని చెప్పింది.

చలికాలంలో సుచిత్ర తన క్లాసు పిల్లలకి చూపించడానికి పిట్టల్నీ, అమ్మనీ స్కూలుకి తీసుకెళ్ళింది. గున్నమ్మ వచ్చీరాని హిందీలో ఇద్దరు వంటవాళ్ళ కథ చెబితే క్లాసంతా నోళ్ళు తెరుచుకుని వింది. చివర్లో ముందు బెంచీ పిల్ల చెయ్యెత్తి, “ఆంటీ, అగలా అండా కౌన్ సా రంగ్ కా హోగా?” అని, వచ్చే గుడ్డులో పిల్ల ఏ రంగో అడిగింది.

గున్నమ్మ పంజరంలోకి చూసింది, కూతురి వైపు చూసింది. హిందీ అందక తెలుగులోకే దిగిపోయింది.

“ఆ గుడ్డుకే తెల్దమ్మా, నాకేటి తెలుస్తాది?”

సుచిత్ర ఆ మాట హిందీలో చెప్పేలోగానే, గున్నమ్మ ముఖం చూసి పిల్లలంతా గొల్లున నవ్వారు.