పాట వెనకాల కూర్చున్న మనిషి

మొన్న శనివారం పొద్దున్న మా పక్కింటి డ్రమ్మర్ గారు పోయారు. ఆ వారం ఆయన చికాగోలో వాళ్ళమ్మాయి దగ్గరున్నారు. ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. "నిద్రలోనే వెళ్ళిపోయారు" అని, "మీకు నేనే చెప్పాలనిపించింది" అంది. పొయ్యి మీద ఉప్మా మాడిన వాసన వచ్చేదాకా నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆయన పేరు మీరెవరూ విని ఉండరు. పాత బ్లూస్, జాజ్ రికార్డులు వినే అలవాటుంటే ఆయన వాయిద్యం మాత్రం విని ఉండొచ్చు. స్టూడియో వాళ్ళు పిలిస్తే వెళ్ళి, ఎవరి పాటకైనా డ్రమ్స్ వాయించి వచ్చే సెషన్ డ్రమ్మర్ ఆయన. రికార్డు అట్టల మీద గాయకుల పేర్లే ఉండేవి.

కుర్రతనంలో తల్లితో మిసిసిపీ నుంచి డెట్రాయిట్ వచ్చారట. పగలు కార్ల ఫ్యాక్టరీలో రంగులు వేసే పని, సాయంత్రం స్టూడియో. ఒక గాయని ఆయన వాయిద్యం నచ్చి తన బృందంలో చేర్చుకుని ఊళ్ళన్నీ తిప్పింది. కూతురు పుట్టాక ఆ తిరుగుడు మానేశారు. స్టూడియోలు ఒక్కొక్కటే మూతపడి, తోటివాళ్ళు కాలిఫోర్నియా వెళ్ళిపోయినా, భార్య టీచరు ఉద్యోగం కోసం ఆయన ఇక్కడే ఉండిపోయారు. వారాంతాల్లో రెస్టారెంట్లలో, ఆదివారాలు చర్చిలో వాయించేవారు.

"అవన్నీ వదులుకున్నందుకు అయ్యో అనిపించలేదా?" అని అడిగానొకసారి.

"రికార్డులు మళ్ళీ చేయొచ్చు అనుకున్నా. నా కూతురు మళ్ళీ చిన్నపిల్ల అవదుగా" అన్నారు. ఆ తర్వాత మళ్ళీ రికార్డు చేయలేదని మాత్రం ఆయన చెప్పలేదు. వాళ్ళమ్మాయి చెప్పింది.

మేం డెట్రాయిట్ పక్కనున్న ఈ నోవైలో ఇల్లు కొనుక్కుని దిగేనాటికే ఆయన భార్య పోయారు. డ్రమ్స్ బేస్‌మెంట్‌లో దుప్పటి కింద ఉండేవి. వాటి సంగతెత్తితే ఆయన మాట మార్చేసేవారు.

ఒక ఉగాదికి మా తెలుగువాళ్ళ ప్రోగ్రామ్‌లో నా కర్ణాటక సంగీతం కచేరీ పెట్టారు. ఆ పొద్దున్నే మంచు తుఫాను. మా ఆయన ఫోన్ పెట్టేసి, "మృదంగం ఆయన ఫ్లైట్ క్యాన్సిల్ అయిందట. పోస్ట్‌పోన్ చేద్దామా?" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. పిల్లలు పుట్టాక స్టేజీ ఎక్కడం అదే మొదటిసారి.

డ్రైవ్‌వేలో మంచు తీస్తూ మా ఆయన ఈ సంగతి పక్కింటాయనకి చెప్పారట. కాసేపటికి ఆయన మా తలుపు కొట్టారు.

"మీ మృదంగం నాకు రాదమ్మా. పాడే మనిషి వెనకాల కూర్చోవడం వచ్చు" అన్నారు.

మధ్యాహ్నమంతా నేను చేత్తో తాళం వేసి చూపించాను. ఆయన సన్నటి తీగల బ్రష్షులతో ఒకే ఒక్క డ్రమ్ము మీద మెల్లగా రాస్తూ పట్టుకున్నారు. "మా ఆవిడ పోయాక వాయించడం ఇదే మొదలు" అన్నారు, తల ఎత్తకుండా.

కచేరీలో రెండో కీర్తన చరణం దగ్గర నాకు సాహిత్యం గుర్తు రాలేదు. గొంతు ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో దగ్గారు. ఆయన మాత్రం ఆపలేదు, పెంచలేదు. అదే నడక, ఇంకాస్త మెత్తగా, చుట్టూ తిరుగుతూనే ఉంది. తాళం రెండు ఆవర్తనాలు తిరిగాక మాట దొరికింది. అందుకున్నాను. అందరూ అది కావాలని చేసిందే అనుకున్నారు!

కారులో ఆయనకి థాంక్స్ చెబితే నవ్వారు. "పాడేవాళ్ళు దారి తప్పితే డ్రమ్మర్ వెతుకుతూ వెళ్ళకూడదు. ఇంట్లో లైటు వేసుకుని కూర్చోవాలి."

ఆ తర్వాత ఆయన మళ్ళీ వాయించడం మొదలుపెట్టారు. పాత స్నేహితుడొకాయన బేస్ గిటార్ పట్టుకుని వచ్చేవాడు. పోయినేడు చేతుల్లో పట్టు తప్పేదాకా ఇద్దరూ ఊళ్ళోని చిన్న రెస్టారెంట్‌లో వాయించారు. మేం తరచూ వెళ్ళేవాళ్ళం.

ఇప్పుడు తలుచుకుంటే నాకు కనిపించేది ఆ కచేరీ మర్నాటి పొద్దు. తుఫాను వెలిసి ఎండ కాస్తోంది. ఆయన గరాజ్ తలుపెత్తి, కోటు వేసుకుని స్టూలు మీద కూర్చుని, డ్రమ్స్ పక్కన పెట్టే ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్ ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నారు. తిప్పినప్పుడల్లా వాటి మీది ఎండ మా వాకిట్లో మంచు మీద పడి, పసుపు పచ్చగా, గుండ్రంగా కదులుతోంది.