జారుడు చూసే వేలు

పెద్ద పెద్ద ఆఫీసు భవనాలకు ముందువైపు తొడిగే లోహపు రేకులను మా పెద్దమ్మ కడుగుతుంది. పనేమిటని ఎవరైనా అడిగితే "బిల్డింగులకు మొహం కడుగుతాను" అంటుంది. అది విని నవ్వనివాళ్ళను నేను చూడలేదు. నేను మాత్రం నవ్వను. చాలాసార్లు విన్నాను.

అమ్మ మంచం పట్టినప్పుడు ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. అమ్మ పోయాక పెద్దమ్మ నన్ను తన దగ్గరకు తెచ్చుకుంది. మూడేళ్ళుగా ఆమెతో పనికి వెళ్తున్నాను. పనిలో మేం ముగ్గురం. పెద్దమ్మా గడియారమూ పైనుంచి తాళ్ళతో దిగే ఇనప తొట్టిలో నిలబడి రేకులు తోముతారు. నేను కింద బకెట్ల దగ్గర ఉంటాను. గడియారం అసలు పేరు అది కాదు. ఏ రోజూ చెప్పిన వేళకు రాడని పెద్దమ్మ అలా పిలుస్తుంది, అతనూ పలుకుతాడు.

రేకు చూడ్డానికి గట్టిగా కనబడుతుంది గానీ అది సుకుమారం. పిట్టల రెట్ట నాలుగు వారాలు వదిలేస్తే రంగును తినేస్తుంది. ఎండ పడుతున్న వైపు కడగకూడదు, సబ్బు నీళ్ళు ఆరిపోయి చారలు కడతాయి. ఇనప పీచుతో తోమకూడదు, ఆ పొడి రేకుకు అంటుకుని మొదటి వానకే తుప్పు చుక్కలవుతుంది. ప్రతి రేకు కింది అంచునా నీళ్ళు బయటకు కారడానికి చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిని పుల్లతో పొడిచి తెరవకపోతే లోపల నీళ్ళు నిలిచి రేకు వెనకనుంచి పాడవుతుంది. అంతా కడిగి, ఆరాక, మైనం పూత పూయాలి. ఇవేవీ పెద్దమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పినవి కావు. ఆమె తిడుతూంటే నేను ఏరుకున్నవి.

అన్నిటికంటే ముఖ్యం జారుడు. సబ్బు నీళ్ళు కలిపాక పెద్దమ్మ బొటనవేలూ చూపుడువేలూ ముంచి ఒకదానితో ఒకటి రుద్దుతుంది. వేళ్ళు మామూలుగా కదిలితే నీళ్ళు మంచివి. చేప ఒంటిలా జారితే ఘాటెక్కువ. అలాంటి నీళ్ళు పడితే రేకు తెల్లబడుతుంది, ఇక ఏం చేసినా పాత రంగు రాదు. ఈ పరీక్ష కోసమే ఇరవై ఏళ్ళలో ఆమె ఒక్కరోజు కూడా చేతులకు తొడుగులు వేసుకోలేదు. "తొడుగేస్తే నీళ్ళ మాట వినపడదే" అంటుంది.

ఆ వేళ్ళకు స్పర్శ పోతోందని పోయిన ఏడాదే గమనించాను. మొదట రవిక హుక్కులు. వేళ్ళతో తడిమి పెట్టుకునే మనిషి, అద్దంలో చూసుకుంటూ పెట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత టీ గ్లాసు. పొగలు కక్కుతున్నా చల్లటి నీళ్ళ గ్లాసులా పట్టుకుని కబుర్లు చెప్పేది. ఒకరోజు పొయ్యి మీది గిన్నె వట్టి చేతులతో దించింది. కాసేపటికి వేళ్ళ చివర్లు బొబ్బలెక్కాయి.

"మందు రాయనా పెద్దమ్మా?"

"దేనికి?"

"వేళ్ళకి."

"వేళ్ళకేమైంది? నీకేం పని లేదా?"

ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

ఈ సంగతి బయటపడితే ఆమెకు ఎవరూ పనివ్వరు. పని లేని పెద్దమ్మను నేను ఊహించలేను. సెలవు రోజున మా కిటికీ ఊచలు కడుగుతుంది, అవి అయిపోతే పక్కింటివాళ్ళవి అడిగి మరీ కడుగుతుంది. అందుకే నేను సబ్బు కొలత ఒక్క చుక్క కూడా తప్పనిచ్చేదాన్ని కాదు. ఆమె వేళ్ళు ముంచేది, రుద్దేది, ఏదో తెలుస్తున్నట్టు మొహం పెట్టి "ఊఁ, బాగుంది" అనేది. అలా ఏడాది నడిచింది.

ఆ రోజు మేం ఏటా కడిగే ఐదంతస్తుల భవనం దగ్గర ఉన్నాం. దుకాణం నుంచి ఎప్పటిలాగే నీలం డబ్బా వచ్చింది. ఎప్పటి కొలతే పోశాను. కలుపుతుంటే నీళ్ళు నా వేళ్ళకు తగిలాయి. జారాయి. మళ్ళీ ముంచి చూశాను. చేప ఒళ్ళే.

తలెత్తేసరికి పెద్దమ్మ బకెట్ మీదికి వంగి ఉంది. వేళ్ళు ముంచింది, రుద్దింది.

"బాగుంది. పైకి పంపు."

గడియారం పక్కనే ఉన్నాడు. మెట్ల మీద ఇద్దరు ఆఫీసు ఆడవాళ్ళు నిలబడి మమ్మల్ని చూస్తున్నారు. నీకు తెలియడం లేదు పెద్దమ్మా అని అంతమందిలో అనాలి. వాళ్ళు తొట్టి ఎక్కి పైకి వెళ్ళారు. నేను బకెట్‌కు కొక్కెం తగిలించాను. బకెట్ కూడా వెళ్ళింది.

పావుగంటకు పైనుంచి గడియారం అరిచాడు. "అక్కా, ఇదేంటి! మొహం కడగమంటే పౌడరు రాశావు!"

రెండో అంతస్తులో రెండు బూడిదరంగు రేకులు సున్నం కొట్టినట్టు అయ్యాయి. "నీళ్ళు పట్టవే, నీళ్ళు!" అని పెద్దమ్మ కేకేసింది. పట్టాను. చాలాసేపు పట్టాను. తెలుపు అలాగే ఉంది. డబ్బా తిప్పి చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, వంటగది పొగగొట్టాల జిడ్డు వదిలించేదని. అదే నీలం, అదే మూత.

వాళ్ళిద్దరూ కిందికి దిగేసరికి భవనం మేనేజరు వచ్చాడు. తల పైకెత్తి రేకుల వంక చూశాడు, తర్వాత డబ్బా చూశాడు.

"ఎవరు కలిపారు?"

"నేనే" అన్నాను. మూడేళ్ళలో ఆయనతో నేనన్న మొదటి మాట అది.

ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. "చూడండమ్మా, మీరు పాతవాళ్ళు. మీ మీద నాకేం లేదు. కొంత దుకాణంవాడి తప్పు, కొంత ఈ పిల్ల తప్పు. ఈ పిల్లను మాన్పించేయండి. పైవాళ్ళకు నేను సర్దిచెప్పుకుంటాను."

నేను పెద్దమ్మ పాదాలు చూస్తూ నిలబడ్డాను. కాలి వేళ్ళ మధ్య నురగ ఉంది. సరేనంటుందనుకున్నాను. నాకు భయం వేస్తుందేమోనని చూశాను. వేయలేదు.

"కలిపింది అది. చూసి బాగుందన్నది నేను" అంది.

"మరి మీకు తెలియలేదా? 'నా వేలిని మించిన మిషను లేదు' అంటారుగా."

"తెలియలేదు సార్. ఏడాదిగా తెలియడం లేదు." రెండు చేతులూ చాచి ఆయన ముందు పెట్టింది. ఆయన వాటివైపు చూశాడు. చూడ్డానికేముంది, మామూలు చేతులే.

"ఏడాదిగానా? మరి ఇన్నాళ్ళూ ఎలా నడిచింది?"

"ఇది సరిగ్గా కలిపింది. నేను సరిగ్గా నటించాను."

ఆయన పక్కకు వెళ్ళి ఫోనులో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. ఆ రెండు రేకులూ తీసి కొత్తవి వేయాలట, రావడానికి ఆరు వారాలు పడుతుందట. మిగతా భవనం ఎవరితోనైనా కడిగించక తప్పదు.

"తోమడం మీరే తోమండి. కానీ నీళ్ళు ఇంకెవరైనా చూడాలి. మీరు చూసినవి రేకుకు తగలడానికి నేను ఒప్పుకోను. ఎవరు చూస్తారు?"

పెద్దమ్మ గడ్డంతో నన్ను చూపించింది.

"అదా? దానికి నోరుందా అక్కా?" అన్నాడు గడియారం.

"ఇందాక ఒక మాట మాట్లాడిందిగా" అన్నాడు మేనేజరు. అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అసలు సబ్బు వచ్చింది. పెద్దమ్మ నన్ను పక్కకు నెట్టి తనే బకెట్ కలిపింది.

"త్వరగా చూడు. ఎండ ఈవైపుకు తిరిగేలోపు రెండు వరసలు కావాలి."

వేళ్ళు ముంచి రుద్దాను. "కొంచెం జారుతోంది" అన్నాను.

"ఏంటి? గొణక్కు."

"కొంచెం జారుతోంది."

"కొంచెమేగా. వెంటనే నీళ్ళు కొడితే ఏం కాదు. తగిలించు."

గడియారం కొక్కెం పట్టుకుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"వద్దు" అన్నాను.

"ఇరవై ఏళ్ళ నుంచి కలుపుతున్నానే నేను."

"పారబోసెయ్ పెద్దమ్మా."

తిడుతుందనుకున్నాను. పిడి జారకుండా తన వేళ్ళ వైపు చూసుకుంటూ రెండు చేతులతో బకెట్ ఎత్తింది. కాలువలో వంచింది. నురగంతా పోయేదాకా అక్కడే నిలబడి, ఖాళీ బకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. మేం చూస్తుండగానే ఎండ మొదటి వరస రేకుల మీదికి వచ్చేసింది. ఇక ఆ వైపు సాయంత్రం దాకా ముట్టుకోవడానికి లేదు.

"వెనక వైపుకు పదండి" అంది పెద్దమ్మ. గడియారం తాళ్ళు విప్పడానికి మేడ మీదికి వెళ్ళాడు. నేను బకెట్ తీసుకున్నాను.