మట్టిలో వేలు

మా అత్తయ్యగారికి కడియంలో నర్సరీ ఉండేది. అక్కడి మొక్కలు లారీల్లో దేశమంతా వెళ్ళేవి. ఎక్కడ కుండీ కనిపించినా మట్టిలో వేలు పెట్టి తడి చూడందే ఆవిడ కదిలేవారు కాదు.

ఓసారి మేమిద్దరం కాశీ వెళ్తుంటే ఢిల్లీలో విమానం మారాల్సొచ్చింది. సాయంత్రం దాకా ఖాళీ కదా అని ఊరు చూడ్డానికి టాక్సీ ఎక్కాం. పొగమంచులో భవనాలు కలలోలా తేలుతున్నాయి. ఎర్రకోట దగ్గరపడుతుండగా ఆవిడ కారాపించి, రోడ్డు పక్కనున్న కాగితంపూల మొక్క ముందు కూర్చుండిపోయారు. మట్టిలో వేలు పెట్టారు.

"మన కడియం నుంచొచ్చి ఇలా ఎండిపోయావేంటే తల్లీ," అంటూ సీసాలో నీళ్ళన్నీ పోసేశారు.

ట్రాఫిక్‌లోనే మధ్యాహ్నం దాటిపోయింది, విమానం తప్పిపోతుందేమోనని నా కంగారు. "అది మన మొక్కేనని ఎలా తెలుసండీ?" అన్నాను విసుగ్గా.

"మనది కాకపోతే మాత్రం? ఎవరో ఒకరు సాగనంపిందే కదమ్మా."

ఎర్రకోట చూడనేలేదు. విమానంలో ఆవిడ, గోటికింద ఢిల్లీ మట్టితో, హాయిగా నిద్రపోయారు.