నాయన చెక్కిన ఆఖరి గరిటె

గాలి సోకింది, నీడ కనపడింది అని ఎవరైనా అంటే మొహం మీదే నవ్వేసే రకం నేను. తాయెత్తు కట్టుకోలేదు, దిష్టి తీయించుకోలేదు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కి బతికేవాణ్ణి. కట్టె ఎందుకు వంగిందో చూసి చెప్పగలను. ఈ ఒక్క వంపు సంగతే ఇప్పటికీ చెప్పలేకపోతున్నాను.

పోయిన వానాకాలంలో దుకాణం వాళ్ళు నా గరిటెలన్నీ వెనక్కి పంపారు. కాడలు వంకరట. నాకు ఒళ్ళు మండింది. మా ఇంట్లో ఎవరూ స్కేలు పెట్టి చూడరు. ఎడమకన్ను మూసి, కాడను కుడికంటికి ఎదురుగా పట్టుకుని చూస్తాం. మా నాయన నేర్పిన కొలత అది. అలా ఒక్కొక్కటీ చూశాను. అన్నీ తిన్నగానే ఉన్నాయి.

నా భార్య రమణమ్మ ఒకటి తీసుకుని బల్ల మీద పెట్టింది. "ఏందయ్యా, కాడ కింద నా వేలు దూరతా ఉండాది, నీకు కనపడలా?" అంది. ఆమె మీద కూడా అరిచాను.

నెల్లూరు ఆస్పత్రిలో అసలు సంగతి తేలింది. షుగర్ వల్ల కుడికంటి వెనక పొర మధ్యలో నీరు చేరి వాచిందట. అందుకే తిన్నటి గీత వంకరగా, వంకర గీత తిన్నగా కనిపిస్తోందట. నెలకొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు వేయాలన్నారు, అదీ కంట్లోకే. ఆలస్యం చేస్తే చూపు మధ్యలో మచ్చ మిగిలిపోతుందని, ఇక చెక్కడం కుదరదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. గీతలు తిన్నగా కనిపిస్తున్నాయో లేదో ఇంట్లో రోజూ ఒంటికంటితో చూసుకోమని ఒక గళ్ళ కాగితం ఇచ్చింది.

మొదటి ఇంజెక్షన్‌కి పొద్దున్నే బస్సెక్కాను. టోకెన్ తీసుకుని కూర్చున్నాను. చుక్కలు వేశారు, కూర్చోమన్నారు. మళ్ళీ చుక్కలు, మళ్ళీ కూర్చోమన్నారు. మధ్యాహ్నం దాటాక, కన్ను స్కాన్ చేసే మిషన్ పనిచేయడం లేదని, వారం తర్వాత రమ్మన్నారు. మసక కళ్ళతో, ఎవరిని తిట్టాలో తెలియక ఇంటికొచ్చాను.

ఆ కోపంలో వంకర గరిటెలన్నీ మూటగట్టి అటక మీది పెట్టెలో పడేయబోయాను. అందులో నాయన చెక్కిన ఆఖరి గరిటె ఉంది.

నాయన పోయి పన్నెండేళ్ళు. చివరి ఏడాది ఆయన గరిటెలూ ఇలాగే వంకర పోయాయి. "నీ చెయ్యి పడిపోయింది నాయనా, ఇంక చాలు," అని కట్టె చెక్కే బాడిసె ఆయన చేతిలోంచి లాక్కున్నాను. "నాకు తిన్నగానే ఉండాదిరా," అన్నాడు. నేను నమ్మలేదు. ఆయనకూ షుగర్ ఉండేది. కళ్ళు చూపించాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ తర్వాత ఒట్టి చేతులతో అరుగు మీద కూర్చునేవాడు.

ఎందుకో ఆ గరిటె కాడ మీద నా గరిటె కాడ పెట్టాను. రెండూ అతుక్కున్నట్టు కూర్చున్నాయి, మధ్యలో వెంట్రుక కూడా దూరలేదు. రమణమ్మ మూట విప్పి మిగతావన్నీ పెట్టి చూసింది. అన్నిటిదీ అదే వంపు.

ఎడమకన్ను మూసి నాయన గరిటెను కుడికంటి ముందు పెట్టుకున్నాను. తిన్నగా ఉంది. ఏ వంకరా లేదు.

వారం తర్వాత ఇంజెక్షన్‌కి పోతూ నాయన గరిటె, నాది ఒకటి సంచిలో వేసుకుపోయి డాక్టరమ్మకు చూపించి, నాయన సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు తిప్పి చూసింది. "షుగర్ వంశంలో రావచ్చు పెద్దాయనా. వాపు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. ఇలా అచ్చుగుద్దినట్టు రావడం నేనెక్కడా చూడలేదు," అంది.

మూడో ఇంజెక్షన్ తర్వాత గళ్ళ కాగితంలో గీతలు చక్కబడ్డాయి. రమణమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. మళ్ళీ పనిలో కూర్చున్నాను, గరిటెలు వెనక్కి రావడం లేదు.

కాగితంలో గీతలు చక్కబడిన రోజే నాయన గరిటె తీసి కుడికంటి ముందు పెట్టుకున్నాను. వంకరగా ఉంది.

ఇద్దరికీ ఒకే వంపు ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఇంకొక్కసారి తిన్నగా కనపడుతుందేమోనని ఇప్పటికీ అప్పుడప్పుడు ఎడమకన్ను మూసి చూస్తుంటాను. కనపడదు. ఆయన చెప్పింది నిజమేనని నాకు చూపించింది ఆ జబ్బు పడ్డ కన్నే. దాన్ని నేనే నయం చేయించుకున్నాను.